పద్దెనిమిదో రోజున ఆపిన మాత్ర

అందరికీ శకునాలు చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట. మా అమ్మ ఎవరినైనా దెప్పాలంటే ముందు ఈ సామెతే అందుకునేది. అది నా కోసమే పుట్టిందని నాకు యాభై దగ్గర పడ్డాకగానీ తెలియలేదు. నేను నిజంగానే శకునాలు చెప్పే పని చేశాను, అదీ నెలజీతం మీద. రాయపూర్‌లో పచ్‌పేడీ నాకా దాటాక ఒక మానసిక వైద్యుడి క్లినిక్ ఉండేది. అందులో పన్నెండేళ్ళు పనిచేశాను.

మా నాన్న విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి రాయపూర్ వాగన్ షాపులో, అంటే రైలు పెట్టెలు బాగుచేసే కార్ఖానాలో, ఫిట్టరుగా చేరాడు. రైల్వే క్వార్టర్లలో మాలాంటి తెలుగు ఇళ్ళు చాలానే ఉండేవి. ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే హిందీ, కూరగాయల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ. మా తెలుగు విని ఊరి చుట్టాలు నవ్వేవారు, వాళ్ళ హిందీ విని మేం నవ్వేవాళ్ళం. అక్కని మా వైపు అప్ప అంటారు. మా అప్ప నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. ఆమెని నాన్న షాపులోనే పనిచేసే ఒక నెమ్మదైన మనిషికిచ్చి చేశారు. పెళ్ళయ్యాక కూడా ఆమె కాపురం మా వెనక వీధిలోనే. పిల్లలు కలగలేదు. ఆ లోటు గురించి ఇద్దరూ పైకి అనుకోగా నేనెప్పుడూ వినలేదు.

నేను సైకాలజీలో ఎమ్మే చేసి, పెళ్ళి చేసుకుని అదే ఊళ్ళో ఉండిపోయాను. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన ఒకటి రెండేళ్ళకు ఆ క్లినిక్‌లో ఉద్యోగం దొరికింది. నా పని ప్రశ్నలడగటం. దిగులు జబ్బుతో వచ్చినవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని, గడిచిన వారంలో మనసెలా ఉంది, నిద్ర పట్టిందా, అన్నం సయించిందా, బతుకు మీద విసుగు పుట్టిందా అని ఒక్కొక్కటే అడిగి, జవాబుకు తగ్గ అంకె వెయ్యాలి. చివర కూడితే ఆ వారం దిగులు బరువెంతో తేలుతుంది. ఆరంగ్ నుంచి, ఇంకా ఆ పక్క పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళకు నా ప్రశ్నలు వింతగా ఉండేవి. "మనసు ఎలా ఉందని మా ఇంట్లోవాళ్ళే అడగలేదు, నువ్వెవరివమ్మా అడగడానికి" అని ఒక ముసలాయన నవ్వాడు. ఆ నవ్వుకు కూడా అంకె వేశాను.

డాక్టర్ సాబ్ తక్కువ మాటల మనిషి. పాలు లేని టీ తాగుతూ, చెప్పేది వింటూ, కాగితం మీద పిచ్చి గీతలు గీసేవాడు. ఆయన మనసంతా ఒక రకం రోగుల మీదే ఉండేది. ఒక మందు సరిపడా మోతాదులో సరిపడా వారాలు వాడి, లాభం లేక రెండోది వాడి, అయినా లేవలేని మనుషులు కొందరుంటారు. అలాంటివాళ్ళకు ఆయన ఉన్న మందు ఆపకుండా దాని పక్కన ఇంకో చిన్న మాత్ర చేర్చేవాడు. సాథ్‌వాలీ గోలీ అనేవాడు దాన్ని. తెలుగువాళ్ళొస్తే నేను తోడు మాత్ర అని చెప్పేదాన్ని. కాగిన పాలలో కాస్త తోడు వేస్తాం కదా, అలాంటిదే అనుకోండి అనేదాన్ని. కొందరి విషయంలో తోడుకునేది, కొందరి విషయంలో ఎన్ని వారాలైనా పాలు పాలలాగే ఉండేవి. ఎవరికి పనిచేస్తుందో ముందుగా తెలిస్తే, పనిచెయ్యనివాళ్ళకు ఆ వారాలు వృథా కావు, ఒళ్ళు బరువెక్కడాలూ కాళ్ళు నిలవకపోవడాలూ ఉండవు, త్వరగా ఇంకో దారి చూడొచ్చు. డాక్టర్ సాబ్ తపన అదే.

అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టాడు. తోడు మాత్ర మొదలుపెట్టే రోజున ఆయనా, నర్సు దీదీ, నేనూ తలా ఒక చీటీ మీద "లేస్తాడు" అనో "లేవడు" అనో రాసి, ఎందుకలా అనిపించిందో ఒక్క ముక్క చేర్చి, మడిచి ఫైలు వెనక కుట్టేవాళ్ళం. రెండు వారాలకు ఇంకో చీటీ. ఎనిమిదో వారం అన్నీ విప్పి చూసుకునేవాళ్ళం. నియమం ఒక్కటే: చీటీ మాట ఆ గది దాటకూడదు. రోగికీ చెప్పకూడదు, రోగి మనుషులకూ చెప్పకూడదు. "మన అంచనా వాళ్ళ చెవిన పడితే అది అంచనాగా ఉండదు, తీర్పయిపోతుంది" అని ఆయన హిందీలో అన్న మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

డాక్టర్ సాబ్ జబ్బు ఎన్నాళ్ళదో, ఎన్ని మందులు విఫలమయ్యాయో చూసి రాసేవాడు. దీదీ అసలు మాత్రలు మింగుతున్నారా లేదా అన్నది చూసి రాసేది. నేను మనిషిని చూసి రాసేదాన్ని. తిరుగు బస్సు ఎన్నింటికని అడిగినవాడు లేస్తాడని రాశాను, లేచాడు. ఆరంగ్ నుంచి వచ్చే ఒకావిడ రెండు నెలలు నేలచూపులు చూసి, తోడు మాత్ర వేసిన రెండో వారం "గంట నుంచి కూర్చోబెట్టారు, మాకు పనులుండవా" అని నా మీద కేకలేసింది. ఆ రోజు నేను చీటీలో "లేస్తుంది, కోపం వచ్చింది" అని రాశాను. ఆవిడ లేవడమే కాదు, ఆఖరి రోజున మాకు మునక్కాయలు తెచ్చిపెట్టింది. డాక్టర్ సాబ్ ఆ చీటీ విప్పి కళ్ళద్దాలు పైకి తోసుకుని నా వంక చూశాడు. ఆ చూపు నన్ను పాడు చేసింది. అప్పట్నుంచి నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంట్లో, వీధిలో, తెలుగువాళ్ళ పేరంటాల్లో "నాకు ముఖం చూస్తే తెలిసిపోద్ది" అనడం అలవాటైంది. తప్పిన చీటీలూ తక్కువేం కాదు. వాటిని మరిచిపోవడం కూడా అలవాటైంది.

ఆ రోజుల్లోనే మా బావ మంచం పట్టాడు. జ్వరం లేదు, గాయం లేదు. షాపుకి వెళ్ళేవాడు వెళ్ళడం మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. బావ ఏనాడూ వాగుడుకాయ కాదు గనక ముందు ఎవరికీ అనుమానం రాలేదు. అప్పకి తన మొగుడి గురించి ఒకటే గొప్ప. "మా ఆయనకి ఏటి పెడితే అదే తింటాడు, వంక పెట్టడం తెలీదు" అనేది. మా వీధి ఆడవాళ్ళు మొగుళ్ళ తిండి గోల చెప్పుకుంటుంటే అప్ప నవ్వుతూ కూర్చునేది. ఇప్పుడూ పెట్టింది తింటున్నాడు. కాకపోతే రెండు ముద్దలే. నేను అడిగితే "బాగానే ఉన్నానమ్మా" అనేవాడు, కళ్ళు ఎటో చూస్తుండేవి.

డాక్టర్ సాబ్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. మొదటి మందు పనిచెయ్యలేదు. రెండోది మార్చారు, అదీ చెయ్యలేదు. రెండేళ్ళు గడిచాయి. బావని ప్రశ్నలడిగే పని డాక్టర్ సాబ్ నాకివ్వలేదు, తానే అడిగాడు. తోడు మాత్ర మొదలుపెట్టిన రోజున నేను చీటీ కోసం చెయ్యి చాపితే తల అడ్డంగా ఊపి, "ఘర్ కా ఆద్మీ హై, ఇంటి మనిషికి నువ్వు రాయకూడదు" అన్నాడు. నాకు కోపమొచ్చింది. అంత బాగా చెప్పేదాన్ని నన్ను పక్కన పెడతాడా అనిపించింది. చీటీ రాయకపోతేనేం, మనసులో రాసుకున్నాను: లేవడు.

ఎందుకు అలా అనుకున్నానంటే, నా దగ్గర కారణాలు బోలెడున్నాయి. రెండు మందులు పోయాయి. జబ్బు పాతబడింది. మనిషి ఏడవడు, బాధ చెప్పడు, నడుంనొప్పి అంటాడు. వాళ్ళమ్మ కూడా ఆఖరి రోజుల్లో అలాగే మాట లేకుండా కూర్చునేదట. ఇవన్నీ పైకి చెప్పుకునే కారణాలు. లోపలిది వేరే ఉంది, ఇప్పుడు దాచి ఏం లాభం. మా అప్ప రెండేళ్ళుగా నలిగిపోతుంటే చూడలేక ఆయన మీద విసుక్కునే స్థితికి వచ్చాను. రోగి అని తెలిసి, తెలియజెప్పే ఉద్యోగంలో ఉండి కూడా, లేచి కూర్చోవచ్చు కదా అని లోలోపల అనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట తలుచుకుంటే నాకు నా మీద అసహ్యం వేస్తుంది.

క్లినిక్ నుంచి వచ్చిన ఆ సాయంత్రమే అప్ప మా ఇంటికొచ్చింది. నేను చపాతీ పిండి కలుపుతున్నాను. ఆమె వంటగట్టు పక్కన నిలబడి తిన్నగా అడిగింది.

"ఓలే, ఈ మాత్రతోనైనా ఆయన మనిషవుతాడేటే? నీకు ముఖం చూస్తే తెలిసిపోద్దంటావు గదా, సెప్పు."

"డాక్టర్ సాబ్‌ని అడగాలప్పా, నాకేం తెల్సు" అని ఉంటే సరిపోయేది. నియమం కూడా అదే. నేను పిండి చేతులతోనే ఆమె వైపు తిరిగి, "మరీ ఆశ పెట్టుకోకప్పా" అన్నాను. జాలితోనే అన్నాను. ఆశ పెట్టుకుని కూలిపోతే తట్టుకోలేదని అన్నాను. కానీ అందులో నా గొప్ప కూడా ఉంది. డాక్టర్ నన్ను చీటీ రాయనివ్వలేదు, ఎవరో ఒకరికి చెప్పుకోవాలి. అప్ప కొంగుతో ముఖం తుడుచుకుని, "నువ్వన్నావంటే అంతేలే" అని వెళ్ళిపోయింది.

మాత్ర మొదలైన పద్దెనిమిదో రోజున మధ్యాహ్నం అప్ప ఫోను చేసింది. క్లినిక్‌లో రోగులు లేని వేళ.

"మీ బావకి ఏటో అయిపోనాదే. పాతికేళ్ళు సంసారం సేసినాను, ఉప్పు తక్కువన్న మాట ఒక్కనాడు ఆయన నోట రాలేదు. నాలుగు రోజులబట్టి పరేషాన్ సేసీస్తన్నాడు. ఇందాక మిరియాల సారు నోట్లో పెట్టుకుని గిన్నె తోసీసినాడు. ఇదేటి సారా, కుళాయి నీళ్ళా, ఉప్పేదీ అన్నాడే నన్ను! పొద్దున్న పాలోడిని పట్టుకుని నీళ్ళు కలుపుతన్నావని గొడవ. టీవీలో వార్తలోడిని కూడా తిడతన్నాడు. పక్కింటోళ్ళు తొంగిసూత్తన్నారు. నాకు తలెత్తుకోడానికి లేదు."

"నిద్ర?" అన్నాను, అలవాటు కొద్దీ.

"ఏమోనే, ఇల్లంతా తిరుగుతన్నాడు. ఆ మాత్రే సేసినాది ఇదంతా. నువ్వు ముందే సెప్పినావు గదా పనిసెయ్యదని. ఆపీయనా?"

తోడు మాత్ర వేసినవాళ్ళలో కొందరికి కాలు ఒకచోట నిలవదు, చిరాకు పుడుతుంది. అది నాకు తెలుసు. ఉన్నవాటిలో ఆ తెలివే ముందుకు వచ్చింది. ఆరంగ్ ఆవిడ నా మీద కేకలేసిన రోజు మాత్రం గుర్తుకు రాలేదు. పరాయి మనిషి కోప్పడితే అది లక్షణం, చీటీలో రాసుకోవాల్సిన సంగతి. మా బావ కోప్పడితే అది మా ఇంటి పరువు. పెట్టింది తినే మనిషి వంక పెట్టాడంటే ఇక మతి పోయినట్టేనని అప్ప ఎలా అనుకుందో నేనూ అలాగే అనుకున్నాను. డాక్టర్ సాబ్ పక్క గదిలోనే ఉన్నాడు. తలుపు తోసి ఒక్క మాట అడగొచ్చు. ఇంటి మనిషి అని దూరం పెట్టాడు కదా, ఇప్పుడు ఇంటి గోల మోసుకెళ్ళి అడగాలా అని బింకం.

"ఆపీ అప్పా" అన్నాను.

నాలుగైదు రోజుల్లో ఇల్లు సద్దుమణిగింది. బావ మళ్ళీ పెట్టింది తినడం మొదలుపెట్టాడు, గోడ వైపు తిరిగాడు. "కుదురుకున్నాడే" అంది అప్ప. ఆ మాటకి మేమిద్దరం సంతోషించాం. నిజంగానే సంతోషించాం.

తర్వాతి వాయిదాకి డాక్టర్ సాబ్ అడిగాడు, ఎందుకు ఆపారని. అప్ప నా వంక చూడకుండా "మైనే హీ బంద్ కియా" అంది, నేనే ఆపేశానని. నన్ను కాపాడింది. ఎలాంటి కోపం, ఏమన్నాడు, ఎవరితో గొడవ అని ఆయన గుచ్చి గుచ్చి అడిగాడు. మా అప్ప ఎవరు? మొగుడు తన వంటకి వంక పెట్టాడని ఇంకో మగవాడి ముందు, అందులోనూ డాక్టరు ముందు చెప్పే మనిషా? "బస్, ఝగడా కర్తే థే" అని, ఏదో గొడవ పడేవాడని చెప్పి ఊరుకుంది. చారు సంగతి, ఉప్పు సంగతి తెలిసినదాన్ని అప్ప కాక ఆ గదిలో నేనొక్కదాన్నే. నోరు విప్పితే ఆపమన్నది నేనేనని బయటపడుతుంది. నేను ఫైలు కాగితాలు సర్దుతూ నిలబడ్డాను. ఆయన కాసేపు గీతలు గీసి, ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాడు. చిరాకు, పద్దెనిమిదో రోజున ఇంట్లోవాళ్ళు ఆపారు అని దాని అర్థం.

ఇంకేవేవో మందులు రాశాడు, కొన్నాళ్ళు వాడారు. తర్వాత అప్ప రావడం మానేసింది. "ఎన్ని మింగినా అంతేనే, నువ్వు సెప్పినట్టే అయినాది" అనేది. నా జోస్యం ఫలించిందని ఆమె నా మీద నమ్మకం ఇంకా పెంచుకుంది. బావ స్వచ్ఛంద విరమణ తీసుకున్నాడు. క్వార్టరు ఖాళీ చేసి మా పక్కనే అద్దెకి దిగారు. అప్ప ఆయనకి స్నానానికి నీళ్ళు తోడేది, చొక్కా బొత్తాలు పెట్టేది, పక్కన కూర్చుని వీధి కబుర్లన్నీ ఒక్కతే చెప్పుకునేది. జవాబు రాకపోయినా చెప్పేది. ఒకసారి నేను వెళ్ళేసరికి, "విన్నావేటి, ఊఁ అనొచ్చు గదా" అని బతిమాలుతోంది. నన్ను చూసి మాట మార్చేసింది.

అలా అయిదేళ్ళు. ఒక ఉదయం కుళాయి దగ్గర బిందె పెట్టి, నడుం పట్టుకుని కూర్చుండిపోయింది. ఆసుపత్రికి చేర్చేలోపే పోయింది, గుండె అన్నారు. యాభై నాలుగేళ్ళు. బావ ఏడవలేదు. శవం పక్కన కుర్చీ వేసి కూర్చోబెడితే కూర్చున్నాడు, లేవమంటే లేచాడు. పెట్టింది తిన్నాడు. వచ్చినవాళ్ళు రాయి అన్నారు. నేను కూడా మనసులో అదే మాట అన్నాను.

బావని మా ఇంటికి తెచ్చుకున్నాం. అప్పటికి డాక్టర్ సాబ్ క్లినిక్ మూసేసి, ఎవరి ఫైలు వాళ్ళకిచ్చి, వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. నేను నయా రాయపూర్‌లో ఒక ఆఫీసులో కాగితాల పనికి చేరాను. ఆ వెడల్పాటి ఖాళీ రోడ్ల మీద రోజూ బస్సులో పోయి వస్తూ, ఇక ఎవరి ముఖమూ చూసి ఏమీ చెప్పక్కర్లేదని హాయిగా ఉండేదాన్ని. మూడేళ్ళ తర్వాత బావ నీళ్ళు తాగడం కూడా మానేసేసరికి భయపడి, టాటీబంధ్ వైపు కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఒక డాక్టరమ్మ దగ్గరికి పాత ఫైలు పట్టుకెళ్ళాను.

చిన్న పిల్ల, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నదై ఉంటుంది. ఫైలు మొదటి పేజీ నుంచి చదివింది. పద్దెనిమిదో రోజు వాక్యం దగ్గర ఆగింది.

"చిరాకు అంటే ఏం చేశారు? ఉన్నదున్నట్టు చెప్పండి" అని హిందీలో అడిగింది.

చెప్పాను. చారు గిన్నె, పాలవాడు, టీవీ. ఎనిమిదేళ్ళలో ఆ మూడూ కలిపి ఒకరి ముందు చెప్పడం అదే మొదలు. ఆమె పెన్ను కింద పెట్టింది.

"అంతకుముందు ఆయనకి అన్నం రుచి తెలిసేదా?"

ఆ సంగతి ఆయన్ని నేనెప్పుడూ అడగలేదు. వేలమందిని ఆకలి గురించి, రుచి గురించి అడిగిన మనిషిని నేను. ఆ ఒక్క ఫోనులో నిద్ర ఒక్కటే అడిగి ఊరుకున్నాను. ఆమె నా ముఖం చూసి, "ఖాయంగా చెప్పలేం ఆంటీ, మందు వల్ల వచ్చిన చిరాకే కావచ్చు కూడా. కానీ ఉప్పు లేదని తెలిసిందంటే, లేస్తున్న మనిషేమో. మళ్ళీ వేసి చూద్దాం" అంది.

అదే మాత్ర మళ్ళీ మొదలైంది. ఈసారి నేను ఏమీ అనుకోలేదు. ఎవరైనా అడిగితే తెలీదు అన్నాను, అది నిజం కూడా. మూడో వారం బావ మా ఆయనతో, పేపరు చదివాక మడతపెట్టడం తెలీదా అని కసురుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. సంతోషం మాత్రం కాదు అది. అయిదో వారానికి ఒక్కడే నడిచి వెళ్ళి క్షవరం చేయించుకొచ్చాడు. ఏడో వారం పాత షాపు స్నేహితుడికి ఫోను చేసి అరగంట మాట్లాడాడు. తోడుకుంది. అప్పుడూ తోడుకునేదే.

ఎనిమిదో వారంలో ఒక ఆదివారం పొద్దున్న అప్ప పెట్టె తియ్యమన్నాడు. తీశాను. చీరలు ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడోదో నాలుగోదో చేతిలోకి తీసుకుని ఒక్కసారిగా గట్టిగా ఏడ్చాడు. అప్ప పోయిన మూడేళ్ళకి, అప్పుడు ఏడ్చాడు. పోయిందని ఆయనకి తెలుసు, కానీ ఆ రోజు దాకా ఆ మాట ఆయన దగ్గరికి చేరలేదు. బాగుపడ్డాడు గనక చేరింది. ఆయన ఏడుపు ఆగేదాకా ఎదురుగా నేల మీద కూర్చున్నాను. అలా కూర్చున్నప్పుడే, ఇంక చెప్పకుండా ఉండలేననిపించింది.

"బావా, ఈ మాత్ర మీకు ఇదివరకే ఇచ్చారు. ఎనిమిదేళ్ళ కిందట. పద్దెనిమిది రోజులు వేసుకున్నారు. అప్పుడు కూడా మీరు బాగవతన్నారు. మీరు కోప్పడతన్నారని అప్ప భయపడి నన్నడిగింది. ఆపీమన్నది నేనే."

బావ ఆ చీర అంచు సరిచేసి మడతపెట్టాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టాలనే కోరుకున్నాను. తలెత్తి, నెమ్మదిగా ఒకటే అడిగాడు.

"నాను బాగవతన్నానని మీ అప్పకి తెలిసినాదా?"

"తెలీదు బావా" అన్నాను. "నాకు తెలుసనుకుంది."